ఎర్ర ఆయిల్, వేడి గీత

మే 20

ఈ రోజూ అదే. బండిని డ్రైవ్‌లో వేసి బావ యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ గుర్రుమంటుంది, బండి మాత్రం కదలదు. కాసేపు ఆలోచించి, ఎవరో వెనక నుంచి తోసినట్టు ఉలిక్కిపడి దూకుతుంది. బావ ఏమీ జరగనట్టు అద్దంలో మీసం చూసుకున్నాడు. నేను ఏమీ చూడనట్టు బుట్టలో ఎండు నెత్తళ్ళు సర్దుకున్నాను. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ నటన బాగానే వచ్చు.

మే 21

ఎండ తగ్గాక మా పాలేనికి పెద్ద అయిన పెద్దకాపు ఇంటి ముందు పంచాయితీ. విషయం మా బావే.

వేట నిషేధం ముగిసి పడవలు దిగే తొలిరోజు... పడవ అణియం మీద, అంటే ముక్కు మీద, యజమాని చెయ్యి పడనిదే ఎవరూ తోయరు. మా పాలెంలో తాతల నాటి కట్టడి. ఆ చెయ్యి ఎవరిదో ఏడాది పొడుగునా పడవ మీద మాట వాళ్ళదే. ఎప్పుడు వేటకు పోవాలి, ఎవరు ఎక్కాలి, ఏ వల పట్టుకుపోవాలి, అన్నీ. దానికి ఒక మెలిక కూడా ఉంది. యజమాని తనంతట తాను ఒడ్డుకు రావాలి. ఒకరు మోసుకొచ్చిన చెయ్యి చెల్లదు. పోయినేడు బావ ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. అందుకని మా తమ్ముడు శీను చెయ్యి వేశాడు.

ఈ ఏడు ఎవరిది అని ప్రశ్న.

"కాలు నిలవని మనిషి ఈ కాలనీ కాణ్ణుంచి ఒడ్డుకి ఎట్టొస్తాడు? ఎవురి బండెనకాలన్నా కూర్చోనొస్తే అది మోసుకొచ్చినట్టే గదా" అని ఒకాయన.

బావ నవ్వాడు. "నేనే తోలుకోనొస్తా. అప్పుడో?"

పెద్దకాపు గడ్డం గీరుకున్నాడు. "తోలేది నువ్వైతే వచ్చేది నువ్వే."

అయిపోయింది తీర్పు. అందరూ మా కారు వైపు చూశారు. నేనూ చూశాను. ఆయన పరువు నీ చేతిలో ఉందే తల్లీ, అని బండితో అనుకున్నాను.

మే 22

ఒకటి రాసి పెట్టుకోవాలి. ఎదురుగా చెబితే నెత్తికెక్కుతుంది కాబట్టి ఇక్కడే.

తాడు లాగే మిషన్‌లో ఇరుక్కుని ఎడమ మోకాలు నుజ్జయ్యాక, ఇక మంచానికీ వాకిలికీ మధ్యే బతుకు అనుకున్నాం అందరం. ఆయన అనుకోలేదు. చెన్నైలో ఒక పెద్దావిడ దగ్గర ఈ పాత ఆటోమేటిక్ కారు కొనిపించాడు. తెచ్చిన రోజు దాని బానెట్ తడుముతూ అన్నాడు — "నాకు ఎడం కాలు పన్జెయ్యదు, దీనికి క్లచ్చి లేదు. ఇద్దరికీ జోడు కుదిరింది మే." మే అంటే నేనే, మా పక్క పెళ్ళాన్ని అలాగే పిలుస్తారు.

ఎడమ కాలు మడిచి పక్కన పెట్టుకుంటాడు. ఉన్న ఒక్క కాలితో నొక్కడం, వదలడం... సముద్రం మీద అల పైకెత్తే ముందు చుక్కాని ఎలా వదులు చేసేవాడో బ్రేకునూ అలాగే వదులుతాడు. పక్కన కూర్చుంటే నీళ్ళగ్లాసు తొణకదు. చూడనట్టు చూస్తుంటాను. ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా మొగుణ్ణి దొంగచాటుగా చూడటం నాకే సిగ్గుగా ఉంది. బాగుంది కూడా.

మే 25

పొద్దున్నే బానెట్ ఎత్తాడు. పీట మీద కూర్చుని, కాలు చాపుకుని.

ఇంజన్ ఆయిల్ పుల్ల వేరు, గేర్ ఆయిల్ పుల్ల వేరట. రెండోది లోపలికి, అడుగున ఎక్కడో. లాగి తుడిచి ముంచి మళ్ళీ లాగాడు. ఎర్రగా ఉంది ఆయిల్. ఇంత ఎర్రగా ఉంటుందని నాకు తెలియదు. అప్పుడే కోసిన వంజరం మొప్పలా ఉంది.

"చూడు. గీతలన్నీ దాటి పైకుండాది. ఎక్కువైంది, అందుకే ఎగిరి పడతాండాది. అజీర్తి దీనికి."

ఆసుపత్రి నుంచి తెచ్చిన సెలైన్ పైపు, పెద్ద సిరంజి. పుల్ల దూరే గొట్టంలో పైపు దించి కొంచెం కొంచెం లాగేశాడు. ఒక్క చుక్క కింద పడలేదు. చేతులు ఎంత స్థిమితం! పడవ ఇంజన్ల దగ్గర పెరిగిన చేతులు.

మే 26

"నయంగా ఉండాది" అన్నాడు. నాకేమీ నయంగా అనిపించలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మా బావకు.

మే 28

సరుగుడు తోటల దారిలో బండి ఆగిపోయింది. ఇసుక మొదలయ్యే చోటు. డ్రైవ్‌లో ఇంజన్ అరుపు తప్ప కదలిక లేదు. రివర్స్ అసలే లేదు. పుల్లలు కొట్టుకుని వస్తున్న ఆడవాళ్ళు తలమీద మోపులతోనే నిలబడి చూశారు.

శీను ట్రాక్టర్ తెచ్చి తాడు కట్టి లాగాడు. లాగుతున్నంత సేపూ బావ స్టీరింగ్ పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు, తానే తోలుతున్నట్టు. దారి పొడుగునా ఒక్కసారీ తల దించలేదు.

నాయుడుపేట మెకానిక్‌కు ఫోన్ చేస్తే, చూడకుండానే — "గేర్‌బాక్స్ పోయింటాది. పాత ఇనుములోకి ఏసెయ్యండి."

మే 29

మాట్లాడలేదు.

మే 30

మాట్లాడలేదు. పులుసు బాగుందా అంటే తల ఊపాడు. తర్వాత తింటే తెలిసింది, నేను అసలు ఉప్పే వెయ్యలేదు.

మే 31

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆ ఫోన్ మెకానిక్ మీద. చేపను చూడకుండా కుళ్ళిందని చెప్పే బేరగాణ్ణి నేను ఒప్పుకుంటానా?

బావ పడుకున్నాడు. నేనే వెళ్ళి బానెట్ ఎత్తాను. పుల్ల లాగి ముందు వాసన చూశాను. పాడైన సరుకు కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది, చేపల అంగట్లో నేను నేర్చుకున్న చదువు అదొక్కటే. మాడు వాసన లేదు. కంపు లేదు. తెల్ల గుడ్డ మీద రాస్తే ఎర్రగానే అంటింది, నల్లనలుసు కూడా లేదు.

పుల్లను ఎండకు పెట్టి తిప్పుతుంటే అక్షరాలు కనపడ్డాయి. కింద రెండు గీతలు, వాటి పక్కన కోల్డ్. పైన రెండు గీతలు, పక్కన హాట్. ఇంటర్ ఒక ఏడు చదివాను, ఈ మాత్రం ఇంగ్లీషుకు ఢోకా లేదు. చలి గీత ఒకటి, వేడి గీత ఒకటి.

లోపలికి పరుగెత్తి చెప్పాను. "వేడి గీత పెట్టినారంటే వేడి చేసి చూడమనే గదా బావా?"

మూడు రోజుల తర్వాత నోరు విప్పాడు. "పడవకి అట్టాంటి గీతల్లేవే."

"ఇది పడవా?"

అటు తిరిగి పడుకున్నాడు. కానీ నిద్రపోలేదు. కాలి బొటనవేలు ఆడుతూనే ఉంది. అది ఆడిందంటే లోపల ఏదో తిరుగుతున్నట్టే.

జూన్ 1

ఫోన్‌లో వీడియోలు చూశాం. ఒక్కొక్కడు ఒక్కో కారు ముందు నిలబడి ఒక్కో మాట. మా కారు ముందు నిలబడ్డవాడు ఒక్కడూ లేడు.

చివరికి చెన్నై పాటీకి ఫోన్ చేశాను, ఈ కారు అమ్మిన పెద్దావిడకు. పాటీ అంటే అరవంలో అవ్వ. ఇరవై ఏళ్ళు తనే తోలిందట, నెలనెలా ఆయిలూ తనే చూసుకునేదట. తమిళం కలిసిన తెలుగులో గలగలా మాట్లాడుతుంది. బండి ఎట్లుంది అని అడిగింది, మనవరాలి బాగోగులు అడిగినట్టు. జరిగింది చెప్పాను.

"ఇంజన్ నిలిపేసి చూస్తిరా? అయ్యయ్యో! నిలిపితే లోపల ఉండే ఆయిలంతా కిందికి దిగిపోతుంది మా. జాస్తిగా కనిపిస్తుంది. కొంచెం దూరం తోలి వేడి చెయ్యాల. ఇంజన్ నడుస్తానే ఉండాల. అప్పుడు చూడాల, అప్పుడే నిజం."

స్పీకర్ పెట్టాను కాబట్టి బావ విన్నాడు. ముఖం పాలిపోయింది.

"నడస్తాండే ఇంజన్‌లో చెయ్యి పెట్టమంటుందా ఆమె?"

అప్పుడు అర్థమైంది నాకు. పడవలో పిల్లలకు నేర్పే మొదటి మాట అదే కదా. తిరిగే దాంట్లో చెయ్యి పెట్టొద్దు, ఆపి చూడు. ఆ మాట నలుగురికీ నేర్పినవాడు ఆయనే. ఆయన మోకాలు పోయింది కూడా మిషన్ ఆపక ముందే ఆయన తాడు సర్దబోయిన రోజునే. ఇంజన్ ఆపకుండా ఆయిల్ చూడాలని ఆయనకు ఏ జన్మలో తోస్తుంది?

లేని చోట ఎక్కువుందని ఉన్నది తీసేశాం.

జూన్ 2

ఈ రోజు తేదీ చుట్టూ గీత గీశాను.

శీను వచ్చాడు, పడవ గేర్ ఆయిల్ డబ్బాతో. "ఆయిల్ ఆయిలే గదా అక్కా, పోసేద్దాం." వెనకే కాలనీ మగవాళ్ళు నలుగురు, వినోదం చూడటానికి. అందులో ఒకడు, "ఆ ముసిల్ది పాడైన బండి అంటగట్టింది, మోసం" అన్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. మాట పాటీ మీద పడిపోయేది, ఎవరికీ నష్టం లేదు, ఆమె చెన్నైలో ఉంది. బావ గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఆమెననొద్దు. బండి బాగుండాది. నేనే తప్పు చూసినాను. ఉన్న ఆయిలు నేనే తీసేసినాను. నా చేతుల్తో నేను."

సముద్రం మీద ఇంతకాలం ఆయన చెప్పిన దిక్కు తప్పు అన్నవాడు లేడు, తప్పని ఆయన ఒప్పుకున్నదీ లేదు. నాతోనైతే సరే సరి, కూరలో కారం ఎక్కువైనా అది మిరపకాయ తప్పే. అలాంటి మనిషి, పడవ మీద తన మాట ఉంటుందా పోతుందా అని ఊరంతా చూస్తున్న రోజుల్లో, అంతమంది ముందు...

శీను డబ్బా మూత బిగించి పక్కన పెట్టాడు. "అయితే ఏ ఆయిల్ కావాల్నో చెప్పు బావా" అన్నాడు, పడవ మీద అడిగే గొంతుతో.

నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చాను. బాధ కాదు. నా మొగుడు అని గర్వం. ఇంత గర్వం దాచుకోవడానికి ఇంట్లో చోటే లేదు.

జూన్ 3

నాయుడుపేట. ఎండ మాడ్చేసింది. పుల్ల మీద రాసిన పేరు చీటీ మీద ఎక్కించుకుని వెళ్ళాను. అంగట్లో అతను ఇంజన్ ఆయిల్ ఇవ్వబోయాడు. ఎర్రది, ఆటోమేటిక్‌కు పోసేది, అదే కావాలన్నాను. "ఎవురికమ్మా?" "మా ఇంట్లో ఒక పేషెంటు ఉంది" అన్నాను.

జూన్ 4

పొద్దున్నే నా పాత పాలిస్టర్ జాకెట్టు చేతులు కత్తిరించాను. నూగు రాలే గుడ్డతో తుడవకూడదని పాటీ మాట. నూగు లోపలికి పోతే అదో రోగం.

ఉన్న ఆయిల్‌తోనే ఇంజన్ కాసేపు నడిపి, ఇసుక కాదు కాబట్టి ఎలాగో కదిలితే, కాలనీ రోడ్డు మీద కుంటుకుంటూ రెండు తిరుగుళ్ళు తిప్పాడు. చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, బ్రేకు మీద కాలు పెట్టి, గేరు కర్రను ఒక్కో గదిలో కాసేపు నిలుపుతూ అన్నీ తిప్పి, మళ్ళీ పార్కింగ్‌లోకి తెచ్చాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఎవరో ఒకరు అందులోకి వంగాలి.

బావ తలుపు తీసి దిగబోయాడు. కాలు కింద పెట్టాడు, చేత్తో తలుపు పట్టుకున్నాడు. ఆ చెయ్యి తలుపు వదల్లేదు. పైపుతో ఒక్క చుక్క ఒలకకుండా లాగిన చెయ్యి అదే. ఆ తాడు, ఆ మిషన్ ఆయన కళ్ళ ముందు ఉన్నాయి, నాకు తెలుసు. "నువ్వు కూర్చో, బ్రేకు మీద కాలు తియ్యొద్దు. నేను చూస్తా" అని బానెట్ దగ్గరికి వెళ్ళాను.

లోపలి నుంచి ఒకటే కేకలు.

"కొంగు! కొంగు దోపుకో!"

"దోపినాను."

"జడ! జడ యెనక్కేసుకో! గాజులు తీసినావా? మే, ఆ ఫ్యాను పక్కకి పోవాక!"

"గమ్మునుండు బావా, నాకు వినపడతాండాది!"

పుల్ల లాగాను. తుడిచాను. మొత్తం దించి మళ్ళీ లాగాను. కొనమీద తడి లేదు. వేడి గీత కాదు కదా, చలి గీతకూ అందలేదు. ఇన్నాళ్ళూ బండి ఎండిన గొంతుతో మమ్మల్ని మోసింది పాపం.

పుల్ల తీసిన గొట్టంలోనే పోయాలి. సెలైన్ పైపుకు పైన గరాటు పెట్టాను. "కొంచిమే. కొంచిమే పొయ్యి. ఎక్కువైతే నురుగొస్తాది" అన్నాడు. పోస్తాను, ఆగుతాను. ఆయన గేరు కర్ర అన్ని గదులూ తిప్పుతాడు. నేను మళ్ళీ లాగి తుడిచి ముంచి చూస్తాను. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. నడుము విరిగిపోయింది. చివరికి ఎరుపు వేడి గీతల మధ్యకు ఎక్కింది. తడి తడిగా, నిగనిగలాడుతూ.

"ఎంత?"

"రెండు గీతల నడాన."

"చాలు. ఆపు."

డ్రైవ్‌లో వేశాడు. కాలు ఇంకా నొక్కలేదు... బండి తనంతట తానే మెల్లగా ముందుకు జరిగింది. రివర్స్ వేశాడు. వెనక్కి జరిగింది. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. చిన్నపిల్లాడిలా నాలుగైదు సార్లు ఆడుకున్నాడు. నేను చేతుల నిండా ఆయిల్‌తో వాకిట్లో నిలబడి నవ్వుతూనే ఉన్నాను.

దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు, వేళ్ళన్నీ ఉన్నాయా అని.

"నీకు బయమెయ్యలేదా?"

"నువ్వు అరస్తాంటే బయపడే తీరికేది?"

జూన్ 5

పాటీకి చెప్పాను. "శభాష్! చీర కట్టుకుని చేస్తివా? నేనూ అట్లే చేస్తా ఉంటిని." ఒకరినొకరు మెచ్చుకుంటూ చాలాసేపు కూర్చున్నాం. మమ్మల్ని మెచ్చేవాళ్ళు వేరే ఎవరున్నారు గనక.

జూన్ 6

బావ మీసం నూనె రాసి దువ్వుకున్నాడు. బండి బాగు, లోకం బాగు.

జూన్ 7

బండి కింద ఎర్ర చుక్కలు.

ముందు వక్క ఉమ్మి అనుకున్నాను. వేలితో తాకితే జారింది.

జూన్ 8

సూళ్ళూరుపేట నుంచి మెకానిక్‌ను పిలిపించాం. బండి కింద దూరి చూశాడు. ఓ సీలు అరిగిపోయింది, మొదటి నుంచీ కారేది దాంట్లోంచే. అంటే మేము తీయకముందే తక్కువగా ఉంది. కొత్త సీలు చెన్నై నుంచి రావాలి, ఈ నెలాఖరుకు గానీ రాదు. అప్పటిదాకా రోజూ చూసుకుని, తగ్గినంత పోసుకోవాలి.

"రోడ్డు మీద పర్లేదు. ఇసకలో మాత్రం తోలొద్దన్నా. తక్కువ ఆయిల్‌తో ఇసకలో ఈడిస్తే లోపల కాగిపోయి పట్టీలు మాడిపోతాయి. ఇంక దానికి మందు లేదు."

ఒడ్డుకు దారి ఉన్నదే ఇసుక. పడవలు దిగేది పదిహేనున.

జూన్ 9

పోట్లాడుకున్నాం. రాయకుండా ఉండలేను.

"ఒక్కరోజు చెయ్యి కోసం కాళ్ళు పోగొట్టుకుంటావా? ఆ బండే గదా నీకు కాళ్ళు? అది పోతే మళ్ళా మంచమే. శీను చెయ్యి వేస్తే ఏం, వాడు పరాయోడా?"

"శీను మంచోడే. వాడి మాట కిందుంటే నాకు నామర్దా కాదు మే. వాడింకా గాలి చూడ్డం సరిగ్గా నేర్చుకోలే. ఈ ఏడు నా మాట లేకపోతే... పోయిన గాలివానకి వాడు పడవని యాడికి తీసకపోయినాడో గుర్తుందా?"

గుర్తుంది. ఆ పూటంతా మా అమ్మ గడప దగ్గరే కూర్చుంది.

అంటే ఇది ఆయన పరువు మాత్రమే కాదు. ఇన్ని రోజులు నాకు చెప్పలేదు. మీసం వెనక దాచుకున్నాడు. అరిచినందుకు సిగ్గేసింది. అయినా బండి మీద నా భయం పోలేదు.

జూన్ 10

శీను వచ్చి గుమ్మంలోనే నిలబడి అన్నాడు. "అక్కా, ఆ పొద్దు బావ వస్తే సరే. రాకపోతే మాత్రం నా చెయ్యి అణియం మీద పడదు. పడవ ఒడ్డునే ఉంటాది. నాకు బావ మాట కావాల."

వాడు నా తమ్ముడు. ఎత్తుకుని తిప్పిన తమ్ముడు. ఎప్పుడు ఇంత మనిషయ్యాడు?

జూన్ 12

చిన్న జల్లు. ఇసుక గట్టిపడుతుందని బావ సంబరం. మధ్యాహ్నానికి మళ్ళీ పొడి.

జూన్ 13

పొద్దున పుల్ల చూడటం ఇప్పుడు నాకు కాఫీ కలపడం లాంటిది. కొంగు దోపు, జడ వెనక్కి, గాజులు కిటికీలో. బావ కేకలు తగ్గాయి. ఈ రోజు తానే దిగి వచ్చి, నడుస్తున్న ఇంజన్ పక్కన, నా పక్కన నిలబడ్డాడు. చెయ్యి పెట్టలేదు. నిలబడ్డాడు, అంతే. నాకు అదే చాలు.

జూన్ 14

టైర్లలో సగం గాలి తీయించాడు, ఇసుకలో కూరుకుపోకుండా. సీసాలో మిగిలిన ఆయిల్ అంతా పోశాం. వేడి గీతల పైకొనదాకా వచ్చింది. ఇక ఒక్క చుక్క లేదు. నాయుడుపేట అంగట్లోనూ అయిపోయిందట.

జూన్ 15

ఒడ్డున. కారులో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా పడుతున్నాయి.

తెల్లారగానే బయలుదేరాం. రోడ్డు పొడుగునా బాగానే వచ్చింది. ఇసుక మొదలయ్యే చోట బావ ఆపాడు. పార్కింగ్‌లో వేశాడు. ఇంజన్ ఆపలేదు.

"చూడు మే."

దిగాను. పుల్ల లాగి తుడిచి ముంచి లాగాను. వేడి గీతల్లో కింది దానికంటే దిగువన ఉంది. కొంచెమే దిగువ. దారంతా కారుతూ వచ్చింది.

"ఎంత?"

బాగానే ఉందంటే పోయేవాడు, నా మాట మీద. లేదంటే ఆగేవాడు, అదీ నా మాట మీదే. రెండూ నోటిదాకా వచ్చాయి. ఏ ఒక్కటీ అనలేకపోయాను. పుల్ల తెచ్చి కిటికీలోంచి ఆయనకు చూపించాను.

చూశాడు. ముందు పుల్లను, తర్వాత సరుగుడు చెట్ల సందులోంచి కనిపించే పడవలను. నా చేతిలోని గుడ్డ తీసుకుని పుల్ల తుడిచి నాకు ఇచ్చాడు.

"పోదామా మే?"

ఇన్నేళ్ళలో పోతున్నాను అని చెప్పాడు గానీ పోదామా అని ఎప్పుడూ అడగలేదు. అడగకుండా పోయి ఉంటే తిట్టేదాన్ని. అడిగాడు. నేను ఏమనను?

"పా బావా."

ఎక్కడా ఆపలేదు, గట్టిగా నొక్కలేదు. అల మీద పడవ ఎక్కించినట్టు ఇసుక మీద ఒకే వేగంతో తీసుకొచ్చాడు. ఇంజన్ గొంతు రెండుసార్లు పైకి లేచింది. రెండుసార్లూ నా ఊపిరి ఆగింది. చివర్లో ఏదో వాసన. మాడు వాసనో, ఒడ్డున ఎవరో ఎండుటాకులు తగలబెట్టిన వాసనో, తేల్చుకోలేకపోయాను. నా ముక్కు ఈ ఒక్కసారి నాకు నిజం చెప్పలేదు. లేదా నేనే వినలేదు.

శీను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పడవ పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరూ బావకు చెయ్యి అందించలేదు. అందిస్తే చెల్లదు కదా. బావ కర్ర ఊనుకుంటూ వెళ్ళాడు. అణియం మీద చెయ్యి వేశాడు. పెద్దకాపు తల ఊపాడు. అందరూ ఒక్కసారిగా తోశారు.

పడవ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. మా పడవ చిన్నదైపోయింది. మిగిలిన జనం చెదిరిపోతున్నారు. బావ మాత్రం తడి ఇసుకలో నిలబడి గాలి వైపు ముఖం పెట్టి చూస్తున్నాడు. ఎంత అందంగా ఉన్నాడో.

ఇంజన్ ఆపేశాం. కింద ఎర్రగా మరక. మళ్ళీ కదులుతుందో లేదో తెలియదు. తాళం నా దగ్గరే ఉంది, తిప్పితే తెలిసిపోతుంది.

తిప్పలేదు. ఆయన్ను ఇంకాసేపు అలా నిలబడనీ.